రాజు మారితే మేం మారతామా?

మా పిల్లవాడొకడు తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదువుతున్నాడు. రంజాన్ పండక్కి ఏలూరు వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పాడు. తనంతట తాను చెప్పలేదు. షీర్‌ఖుర్మా గిన్నె ముందు పెట్టుకుని దిగాలుగా కూచుంటే వాళ్ళ నానీ గుచ్చి గుచ్చి అడిగింది. అప్పుడు చెప్పాడు.

రాత్రిపూట నలుగురు కుర్రాళ్ళు కలిసి కంప్యూటర్లో రాజ్యాలు కట్టే ఆట ఒకటి ఆడతారట. పేరు సివిలైజేషన్, ఆ వరసలో ఏడోది. ఊళ్ళు కట్టాలి, పొలాలు వేయించాలి, సైన్యాన్ని పెంచాలి, పక్కవాడితో సంధో యుద్ధమో చేసుకోవాలి. ఆట మూడు యుగాలుగా సాగుతుంది. ప్రాచీన యుగం, సముద్రాలు దాటి కొత్త నేలలు వెతికే యుగం, ఆధునిక యుగం. మొదట ఒక నాయకుణ్ణి ఎంచుకోవాలి. అతను చివరిదాకా ఉంటాడు. కానీ యుగం మారినప్పుడల్లా అతని నాగరికత మారిపోతుంది. మావాడు అశోకుణ్ణి ఎంచుకున్నాడు. మొదటి యుగంలో మౌర్యులు, రెండో యుగంలో చోళులు. మూడో యుగంలో మొగలుల్ని తీసుకోగానే పక్కనున్న స్నేహితుడు నవ్వి, 'చివరికి మీవాళ్ళ దగ్గరికే చేరావు కదరా' అన్నాడట.

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. అన్నవాడు చెడ్డవాడూ కాదు. మావాడికి జ్వరమొస్తే రెండు రాత్రులు మంచం పక్కన కూచున్నవాడే. నవ్వులాటకన్నాడు, మావాడూ నవ్వేశాడు. కానీ అంతకు వారం ముందు అదే స్నేహితుడు అదే ఆటలో ఆ మొగలుల్నే ఎంచుకున్నాడు. ఆ ఆటలో మొగలులకి మిగతా రాబడి తగ్గినా బంగారం బాగా వస్తుంది. ఆ లెక్క చూసుకునే తీసుకున్నాడు. అప్పుడెవరూ ఏమీ అనలేదు. అతను ఎంచుకుంటే అది ఎత్తు. మావాడు ఎంచుకుంటే అది పుట్టుక.

'నేనూ గెలవడానికే తీసుకున్నా మామూ' అన్నాడు వాడు. ఆ మాటలోని సంజాయిషీ మమ్మల్ని బాధపెట్టింది. ఇరవై ఏళ్ళు నిండని కుర్రాడు ఆటలో వేసిన ఎత్తుకి సంజాయిషీ చెప్పుకోవడమేమిటి?

అస్తిత్వం గురించిన వ్యాసాల్లో ఈ ఆటల గోల ఏమిటని కొందరు మిత్రులు అనుకోవచ్చు. కథనీ సినిమానీ పాఠ్యపుస్తకాన్నీ విమర్శకు పెట్టినట్టే వీటినీ పెట్టాలని మేమంటాం. ఈ ఆటలు ఆడే పిల్లలు చరిత్ర పుస్తకం ముందు కూచునేదానికంటే వీటి ముందు కూచునేదే ఎక్కువ. అశోకుడి మొహం, చోళుల ఓడ, మొగలుల కోట వాళ్ళకి అక్కడే పరిచయమవుతున్నాయి. అందుకని ఆ ఆట చరిత్రని ఎక్కడెక్కడ కోస్తోందో, కోసిన ముక్కలకి ఏ పేర్లు పెడుతోందో చూడాలి.

సివిలైజేషన్ మొదటి ఆట అమెరికాలో 1991లో వచ్చింది. అందులో ఒక నాగరికతకి ఒకే నాయకుడు. ఇండియాకి గాంధీ. ఆట క్రీస్తుకు పూర్వం 4000లో మొదలవుతుంది. అంటే కుండ చెయ్యడం నేర్చిన నాటి నుంచి రాకెట్టు ఎగరేసే దాకా ఇండియాని గాంధీయే ఏలతాడు. 2001 నాటి మూడో ఆటలో యుగం మారితే నాయకుడి బట్టలు మారేవి, మనిషి మాత్రం అతనే. 2005 నాటి నాలుగో ఆటలో గాంధీ పక్కన అశోకుడు చేరాడు. 2016లో వచ్చిన ఆరో ఆటకి 2018లో చంద్రగుప్తుణ్ణి కలిపారు. నాయకులు ఎందరొచ్చినా ఇండియా మాత్రం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే ఇండియా.

వినడానికి ఇది అమాయకంగానే ఉంటుంది. కానీ ఆరువేల ఏళ్ళ నుంచీ ఒకే జాతి, ఒకే పేరు అనే ఊహ మాకు కొత్త కాదు. ఆ ఊహలో మొదటినుంచీ ఉన్నవాళ్ళు కొందరు, తర్వాత 'వచ్చినవాళ్ళు' కొందరు. మేం ఎప్పుడూ వచ్చినవాళ్ళమే. మా ముత్తాతల ముత్తాతలు కొల్లేటి ఒడ్డున కూలికి నాట్లు వేసినవాళ్ళయినా సరే, నలుగురి ఇళ్ళకీ వెళ్ళి దూది ఏకినవాళ్ళయినా సరే, మేం వచ్చినవాళ్ళమే.

ఈ పద్ధతిని తిరగేసిన ఆట ఫ్రాన్సు నుంచి 2021లో వచ్చింది. పేరు హ్యూమన్‌కైండ్. అందులో ఆరు యుగాలు, యుగానికి పది చొప్పున అరవై సంస్కృతులు. హరప్పాతో మొదలుపెట్టి మౌర్యుల్లోకి, అక్కణ్ణించి ఉమయ్యాదుల్లోకి, మొగలుల్లోకి, బ్రిటిషువాళ్ళలోకి, చివరికి నేటి భారతీయుల్లోకి నడిచిపోవచ్చు. మారడం ఇష్టం లేకపోతే పాత సంస్కృతితోనే సాగవచ్చు. మారినా పాతదాని గుణం ఒకటి కొత్తదానిలోకి వెంట వస్తుంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన సివిలైజేషన్ ఏడో ఆట ఇలాంటి మార్పునే తన పద్ధతిలో తెచ్చింది. నాయకుడు రాజే అయివుండాలన్న నియమం కూడా అందులో లేదు. కన్ఫ్యూషియస్ ఉన్నాడు, యాత్రికుడు ఇబ్న్ బతూతా ఉన్నాడు, బానిసల్ని తప్పించి తీసుకుపోయిన హారియెట్ టబ్‌మన్ ఉంది. ఆట విడుదలైన నాటికి ఆధునిక యుగంలో ఇండియా తరఫున ఉన్నది మొగలులొక్కరే. అశోకుడితో మొదలుపెట్టి ఈ దేశపు దారిలోనే నడవాలనుకున్న కుర్రాడెవడైనా అక్కడికే చేరతాడు. రెడ్డిగారబ్బాయయినా అంతే, షేక్‌వారబ్బాయయినా అంతే.

ఈ మూడు మెట్లు చూస్తే మాకు 1817 గుర్తొచ్చింది. ఆ ఏడు జేమ్స్ మిల్ అనే స్కాట్లండువాడు ఇండియా మొహం చూడకుండానే బ్రిటిష్ ఇండియా చరిత్ర అచ్చువేశాడు. ఈ దేశపు గతాన్ని హిందూ యుగం, మహమ్మదీయ యుగం, బ్రిటిష్ యుగం అని మూడుగా చీల్చి చూపించాడు. మొదటి రెంటికీ మతం పేర్లు పెట్టి, మూడోదానికి మాత్రం దేశం పేరు పెట్టాడు. అది క్రైస్తవ యుగం కాలేదు. ఆ కోత మన పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం నిలిచింది. రాజు మతమే యుగం మతం, ఆ మతం వాళ్ళందరూ రాజు బంధువులు అనే అలవాటు అక్కణ్ణించే బలపడింది. ఆటలో ఈ మతం పేర్లు లేవు. మౌర్యులు, చోళులు, మొగలులు అని వంశాల పేర్లే ఉన్నాయి. అంతవరకూ మెచ్చుకోవాలి. కానీ హాస్టల్ గదిలో ఆ పేర్లు చదివిన కళ్ళు మిల్ కళ్ళే. చోళులు అన్నప్పుడు అక్కడ ఎవరికీ ఎవరూ గుర్తు రాలేదు. మొగలులు అనగానే మావాడు గుర్తొచ్చాడు.

సరే, ఇదే నియమాన్ని మా ఊరికి పెట్టి చూద్దాం. ఏలూరుకి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో పెదవేగి ఉంది. ఒకప్పటి వేంగి అదే. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడికి ఓడినట్టు అలహాబాదు స్తంభ శాసనం చెప్పిన రాజుల్లో వేంగి హస్తివర్మ ఒకడు. అతను శాలంకాయనుడు. తర్వాత విష్ణుకుండినులు. తర్వాత బాదామి నుంచి రెండో పులకేశి సైన్యం వచ్చింది. ఆ యుద్ధంలో కునాల సరస్సు నీళ్ళు నెత్తురుతో రంగు మారాయని 634 నాటి ఐహోళె శాసనం గొప్పగా చెప్పుకుంది. ఆ సరస్సు మా కొల్లేరేనని చరిత్రకారులంటారు. పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడితో వేంగిలో తూర్పు చాళుక్యుల పాలన మొదలైంది.

వాళ్ళు కన్నడ దేశం నుంచి వచ్చినవాళ్ళు. కొల్లేటిని నెత్తురు చేసి వచ్చినవాళ్ళు. అయినా వాళ్ళని మనం తెలుగు రాజులనే చదువుకున్నాం. అందులో తప్పేమీ లేదు. తరాల తరబడి ఇక్కడ ఉన్నారు, ఇక్కడి భాషలో శాసనాలు వేశారు. నన్నయ భారతం మొదలుపెట్టింది ఆ వంశపు రాజరాజనరేంద్రుడి కొలువులోనే. మేమూ అలాగే చదివి మార్కులు తెచ్చుకున్నాం. మా ప్రశ్న ఒక్కటే. వచ్చి, ఉండి, ఇక్కడివాళ్ళయిపోయే హక్కు చాళుక్యులకి దొరికినట్టు మిగతావాళ్ళకి ఎందుకు దొరకదు?

అమెరికా ఆట కనిపెట్టిందనుకుంటున్న ఎత్తు వేంగిలో ఎప్పుడో జరిగింది. రాజరాజనరేంద్రుడి కొడుకు రాజేంద్రుడు. తల్లి అమ్మంగదేవి, చోళ చక్రవర్తి రాజేంద్రుడి కూతురు. ఈ చాళుక్య కుర్రాడు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. నాయకుడు అతనే, నాగరికత మారింది. ఆయన సేనలు తర్వాత కళింగం మీద పడి విధ్వంసం చేశాయి. ఆ యుద్ధానికి పెదవేగి జనాన్ని ఇవాళ ఎవరైనా జవాబు అడుగుతారా? అడిగితే నవ్వుతారు. నవ్వాలి కూడా. ఔరంగజేబుకి మమ్మల్ని జవాబు అడిగినప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాదు.

పదహారో శతాబ్దంలో ఏలూరు గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. 1724 నుంచి నిజాం. అంటే మా ఊరి మీద ఢిల్లీ మొగలుల అధికారం నేరుగా నడిచింది నలభై ఏళ్ళ లోపే. 1753లో దక్కన్ సుబేదారు సలాబత్ జంగ్ నాలుగు సర్కారుల్ని ఫ్రెంచి బుస్సీకి రాసిచ్చాడు. అందులో ఏలూరు సర్కారు ఒకటి. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడారు, 1759లో బందరు కోట ఇంగ్లీషువాళ్ళ పాలయింది, 1766లో నిజాం అలీ ఒడంబడిక మీద సంతకం పెట్టాడు. పదమూడేళ్ళలో మూడు జెండాలు. ఏ జెండా మారినప్పుడూ ఏలూరు జనాన్ని ఎవరూ అడగలేదు. హిందువునీ అడగలేదు, ముస్లింనీ అడగలేదు.

1948 నాటికి మా ఊరు మద్రాసు రాష్ట్రంలో పశ్చిమగోదావరి జిల్లా కేంద్రం. నిజాం ఏలుబడి పోయి అప్పటికి నూట ఎనభై ఏళ్ళు దాటింది. అయినా చిన్న తగాదా వస్తే చాలు, మమ్మల్ని రజాకార్లు అనేవాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు. రజాకార్లకి ఎదురు తిరిగి రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదులో హత్యకు గురైన సంపాదకుడు షోయబుల్లాఖాన్ కూడా ముస్లిమేనని చెబితే, అనేవాళ్ళు ఒక నిమిషం ఆగుతారు. మళ్ళీ అంటారు. ఏ నాయకుడూ ఏలని చోట కూడా ఆ నాయకుడి పద్దు మా ఖాతాలో రాయడం మా ఊరి ప్రత్యేకత.

ఇక మా మాట మేం చెప్పుకోవాలి. ఈ ఆట మా వాడల్లోనూ నడుస్తోంది. 'మనం ఎనిమిది వందల ఏళ్ళు ఈ దేశాన్ని ఏలాం' అని చాయ్ దుకాణం దగ్గర మీసం మెలేసే పెద్దలు మాకున్నారు. ఎవరు ఏలారు? దూది ఏకిన నూర్‌బాషాలు ఏలారా? తంగెళ్ళమూడిలో మగ్గం మీద నడుం వంగిపోయిన తివాచీ పనివాళ్ళు ఏలారా? ఏలూరు తివాచీ పని పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన నేతగాళ్ళతో మొదలైందని చెబుతారు. వాళ్ళు కత్తితో రాలేదు, నూలుతోనూ రంగుతోనూ వచ్చారు. నవాబు కొన్నప్పుడూ దొర కొన్నప్పుడూ కూలి మాత్రం కూలిగానే ఉంది. ఏలినవాళ్ళ గొప్ప మాదని చెప్పుకుంటే ఏలినవాళ్ళ తప్పూ మాదే అవుతుంది. రెండూ ఒకే తాడు కొసలు. ఒక కొస మేం పట్టుకుని, రెండో కొస మాకు చుట్టొద్దంటే కుదరదు. ఈ మాట మా పెద్దలకి చేదుగా ఉంటుందని తెలుసు.

ఆటలో ఒక మంచి నియమం ఉంది. యుగం మారినప్పుడు వెనకటి నాగరికత సంప్రదాయాలు కొన్ని కొత్తదానిలోకి వస్తాయి. మావాడి మొగలుల్లో మౌర్యులూ ఉన్నారు, చోళులూ ఉన్నారు. ఇది మా నేలకి సరిగ్గా సరిపోయే సంగతి. తహసీల్దారు, జిల్లా, దస్తావేజు, అర్జీ, జమాబందీ, బందోబస్తు. ఇవన్నీ ఫార్సీ కచేరీల గుండా వచ్చిన మాటలే. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినా తహసీల్దారు అన్న పేరు ఇవాళా వాడుకలో ఉంది. కొల్లేటి ఆయకట్టులో వరి పండించే మనిషిని పిలిచే 'రైతు' అన్న మాటకి మూలం అరబ్బీ. కోస్తావాళ్ళు తమ జిల్లాల్ని సర్కారు జిల్లాలని చెప్పుకుంటారు. కోస్తాలో నడిచే ఒక రైలు పేరు సర్కార్ ఎక్స్‌ప్రెస్. ఆ పేరు ఎవరి కాలపుదని ఎవరూ ఆలోచించకుండానే ఎక్కుతారు. మాటల్ని ఇముడ్చుకున్నంత సులువుగా మనుషుల్ని ఇముడ్చుకోలేకపోవడం దగ్గరే మాకు కష్టంగా ఉంది.

ఆటలో పెద్ద లోపం మరొకటి. జనం అందులో ఒక అంకె. ఊరి పేరు పక్కన జనాభా ఇంత అని ఉంటుంది. నాయకుడికి మొహం ఉంది, గొంతు ఉంది, కోపం ఉంది. జనానికి ఏమీ లేదు. యుగం మారగానే నిన్నటి మౌర్య జనం ఇవాళ చోళ జనం, రేపు మొగల్ జనం. సరస్సు అంటే అక్కడ తిండి రాబడి ఉన్న ఒక గడి. మా కొల్లేరు అలా ఉండదు. 1999లో దాన్ని అభయారణ్యమన్నారు, 2002లో అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాలో చేర్చారు, 2006లో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. సరస్సుకి అది అవసరమే కావచ్చు. పెద్ద చెరువుల వెనక డబ్బున్నవాళ్ళూ ఉన్నారు. కానీ లంకల్లోని వడ్డీలకి ఆ మూడు తేదీలూ మూడు యుగాలు మారినట్టే. ఏలేవాళ్ళు కాగితం మీద యుగం మార్చినప్పుడు అంకెగా మిగిలిపోవడమంటే ఏమిటో మాకెంత తెలుసో వాళ్ళకీ అంత తెలుసు. అందుకే ఇది మా ఒక్కరి గోడు అనుకోవద్దని అడుగుతున్నాం.

ఏడో ఆట వచ్చాక చాలామంది ఆటగాళ్ళు అభ్యంతరం చెప్పారు. రోముతో మొదలుపెడితే రోముతోనే ముగించాలి, మధ్యలో మారిపోవడమేమిటన్నారు. ఒకే నాగరికతతో చివరిదాకా ఆడే వీలు కోసం ప్రయత్నిస్తున్నామని తయారుచేసినవాళ్ళు 2025లోనే ప్రకటించారు. ఆ కోరికని మేం ఎగతాళి చెయ్యం. తను కట్టిన ఊరు చివరిదాకా తన పేరుతో ఉండాలని ఎవరికుండదు? మాకూ ఉంది. ఏలూరు వాళ్ళం, ఏలూరు వాళ్ళంగానే ఉండాలని ఉంది. అయితే ఏ రాజు పేరూ తగిలించకుండా ఆ కొనసాగింపు దొరకాలి. ఈ ఆటలు రెండు రకాలుగానూ దాన్ని ఇవ్వలేకపోతున్నాయి. పాత ఆటలో దేశం శాశ్వతం, కొత్త ఆటలో నాయకుడు శాశ్వతం. మా ఊళ్ళో నిజంగా నిలిచింది నేసేవాళ్ళు, నాటేవాళ్ళు, వల విసిరేవాళ్ళు. హస్తివర్మ నుంచి 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లా దాకా మారుతూ వచ్చింది పైనున్న పేరే.

సెక్యులర్ మిత్రులకి ఒక మాట. మీరు మా తరఫున అక్బరు మంచివాడని చెబుతారు. కుతుబ్‌షాహీలు తెలుగు కవుల్ని ఆదరించారని, ఇబ్రహీం కుతుబ్‌షాని మల్కిభరాముడని పిలుచుకున్నామని చెబుతారు. అవి నిజాలే, చెప్పినందుకు సంతోషం. కానీ ఔరంగజేబుకి అక్బరుని జవాబుగా పెడితే ఆట మారదు, పావు మారుతుంది. చెడ్డ రాజు పేరు చెప్పి మమ్మల్ని దించకుండా ఉండటానికి మంచి రాజుల్ని ఎంతకాలం వెతుక్కోవాలి? ఆ ముగ్గురు స్నేహితుల్లో ఒక్కడు, 'పోయిన వారం నువ్వూ మొగలుల్నే తీసుకున్నావు కదరా' అని ఉంటే మావాడికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఆ మాట అనడానికి చరిత్ర తెలియనవసరం లేదు. వారం కిందటి సంగతి గుర్తుంటే చాలు.

పండగ సెలవుల్లో వాడు ఇంట్లో ఆ ఆట తెరిచి మాకు చూపించాడు. మళ్ళీ అశోకుడే, మళ్ళీ మౌర్యులూ చోళులూ. మూడో యుగం దగ్గరికి వచ్చేసరికి తెర మీద పేర్లు వరసగా నిలబడ్డాయి. వాడి చెయ్యి ఆగింది. ఏది తీసుకోమంటావు మామూ అన్నాడు. గెలవడానికి ఏది పనికొస్తే అది తీసుకోరా అన్నాం. వాడు చాలాసేపు ఆ పేర్లవైపే చూస్తూ కూచున్నాడు.